మౌనం అర్ధాంగీకారమా? – పనిచోట ఆలోచనకు దొరికే వ్యవధి

కొంతకాలం క్రితం నేను పనిచేసిన ఒక కళాశాలలో, వేసవి సెలవులకు ముందు, స్టాఫ్ మీటింగు జరిగింది. ఎజెండాలో చివరి అంశం ఇది: కాంట్రాక్టు అధ్యాపకులు వచ్చే సంవత్సరం నుంచి వారానికి 4 పీరియడ్లు అదనంగా చెప్పాలి; జీతంలో మార్పు వుండదు. ప్రిన్సిపాల్ గారు కాగితం చదివి, కళ్ళద్దాలు తీసి, "ఎవరికైనా అభ్యంతరమా?" అన్నారు. పైన ఫ్యాను తిరుగుతోంది. ఎవరూ పెదవి కదపలేదు. ఆయన గోడ గడియారం వంక ఒకసారి చూసి, "సరే, ఏకగ్రీవం" అని మినిట్సు పుస్తకంలో రాయించేశారు. ప్రశ్నకూ తీర్మానానికీ మధ్య నిండుగా ఒక ఊపిరి పీల్చి వదిలేంత వ్యవధి కూడా లేదు. ఈలోగా టీలు వచ్చాయి.

నా పక్కన కూర్చున్నది చరిత్ర చెప్పే ఒక కాంట్రాక్టు అధ్యాపకురాలు. బయట వరండాలోకి వచ్చాక, "మేష్టారూ, మీరేమైనా అంటారేమో అనుకున్నాను" అన్నారు. "ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నాను మేడమ్, అంతలో అయిపోయింది" అన్నాను. ఆమె నవ్వి, "మీకు ఆలోచించుకునే టైము చాలలేదు. నాకు మాట్లాడే వీలే లేదు. పుస్తకంలో మాత్రం రెండూ ఒకే మాటగా ఎక్కాయి" అన్నారు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. మౌనం అర్ధాంగీకారం అన్న నానుడిని చిన్నప్పటినుంచీ వింటున్నాం. పెళ్ళిచూపుల్లో పిల్లను అడిగినప్పుడు, పంచాయతీలో బక్కవాణ్ణి నిలదీసినప్పుడు, ఆఫీసులో కొత్త ఆర్డరు చదివినప్పుడు ఈ మాటే అక్కరకు వస్తుంది. కాని ఒక విషయం గమనించాలి. ఈ నానుడిని ఏనాడూ మౌనంగా వున్న మనిషి వాడడు, అడిగినవాడే వాడతాడు. సమాధానం రాకముందే సమాధానాన్ని తన ఖాతాలో వేసుకునే హక్కు అడిగినవాడికి ఎక్కడినుంచి వచ్చింది? పనిచోట ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు మధ్యలో వచ్చే విరామం ఎవరి సొత్తు? ఇది మర్యాదకో మనస్తత్వానికో సంబంధించిన చిన్న విషయంగా కనిపించవచ్చు. దీనికొక చరిత్ర వుందనీ, ఆ చరిత్ర శ్రమ చరిత్రలో భాగమనీ చూపడం ఈ వ్యాసం వుద్దేశం.

ముందు మన భాషనే చూద్దాం. జమీందారీ కచేరీలో, దివాణంలో కొలువున్నవాడికి అలవాటైన జవాబు "చిత్తం". ఈ మాటకు అర్థం మనస్సు. యజమాని ఆజ్ఞ ఇచ్చాడు, నౌకరు "చిత్తం" అన్నాడు. అంటే "తమ మనస్సు ఎలాగో అలాగే" అని. అక్కడ పనిచేస్తున్న మనస్సు ఒక్కటే, అది యజమానిది. నౌకరు తన మనస్సును సంప్రదించుకోవడానికి పట్టే క్షణాన్ని ఆ ఒక్క మాట మింగేసింది. పాత అర్జీల్లో, లేఖల్లో "చిత్తగించవలెను" అని రాసేవారు. ఇక్కడ కూడా చిత్తం ఎదుటివాడిదే. రాసినవాడిది వినతి మాత్రమే. తెలంగాణలో దొర గడి ముందు నిలబడిన వెట్టివాడు "బాంచన్, నీ కాల్మొక్త" అనవలసి వచ్చేది. బాంచె అంటే బానిస. దొర ఏమి అడిగినా ముందు ఆ మాట అని, తరువాత జవాబు చెప్పాలి. పైకి చూస్తే ఆ మాట కూడా ఒక వ్యవధి ఇచ్చినట్టే కనిపిస్తుంది. కాని అది ఆలోచనకు ఇచ్చిన వ్యవధి కాదు, లొంగుబాటును తిరిగి తిరిగి ప్రకటించడానికి కేటాయించిన వ్యవధి. 1946-51 నాటి సాయుధ పోరాటాన్ని మనం భూమి కోసం, భుక్తి కోసం జరిగిన పోరాటంగా చెప్పుకుంటాం. అది సరైనదే. దానికి ఇంకొక్క మాట చేర్చవచ్చు. గడి ముందు ఒంటరిగా నిలబడి తక్షణం జవాబు చెప్పవలసిన మనిషి, సంఘంలో నలుగురితో కూర్చుని ఆలోచించి జవాబు చెప్పే మనిషిగా మారాడు. ఆ మార్పు కూడా ఆ పోరాట ఫలమే.

ఇక రెండోవైపు చూడండి. పైవాడి మౌనానికి ఎన్నడూ ఈ అర్థం రాలేదు. కురుసభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు భీష్ముడు ధర్మం సూక్ష్మమని అన్నాడు. పెద్దలు తలలు వంచుకున్నారు. ఆ మౌనాన్ని యుగాలుగా గాంభీర్యమనీ ధర్మసంకటమనీ వ్యాఖ్యానిస్తూ వచ్చారు. నేటి కార్యాలయ భాషలో దాని పేరు "పరిశీలనలో వుంది". గుమాస్తా అర్జీ ఆరు నెలలు బల్లమీద పడివుంటే పరిశీలన, అధికారి ప్రశ్నకు గుమాస్తా ఆరు క్షణాలు ఆగితే "ఏం, నీళ్ళు నములుతున్నావు?" ఆగడం అనే పని ఇద్దరిదీ ఒకటే. పైవాడు ఆగితే అది వివేకమని పేరు తెచ్చుకుంటుంది, కిందివాడు ఆగితే దొంగతనంలా కనిపిస్తుంది. కాబట్టి విరామాన్ని దాని పొడవుతో కొలిస్తే చాలదు; ఆగినవాడు నిచ్చెన ఏ మెట్టుమీద వున్నాడో కూడా చూడాలి.

భూస్వామ్యం విరామాన్ని వినయంతో కప్పింది. పెట్టుబడిదారీ వ్యవస్థ దాన్ని గడియారంతో కొలిచింది. ఇంగ్లండులో మిల్లులు లేచిన తొలి రోజుల్లో కార్మికుల కాలాన్ని ఎలా కట్టడి చేశారో చరిత్రకారుడు ఇ.పి.థాంప్సన్ 1967లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో వివరించాడు. యజమానులు మిల్లు గడియారాలను ముందుకూ వెనక్కూ తిప్పడం, కార్మికుడు జేబులో గడియారం పెట్టుకోవడానికి భయపడడం అందులో కనిపిస్తాయి. మాంచెస్టరు దగ్గర టైల్డ్స్లీ మిల్లులో 1823 నాటి జరిమానాల జాబితా ఒకటి మిగిలింది. అందులో ఈల వేసిన వాడికి కూడా ఒక షిల్లింగు జరిమానా. అయితే మనిషి నోరు అంత సులువుగా మూతపడేది కాదు. లాంకషైరు నేత మిల్లుల్లో మగ్గాల హోరుకు మాట వినబడదు గనుక, స్త్రీలు పెదవుల కదలికతోనూ ముఖ కవళికలతోనూ మాట్లాడే ఒక భాషనే సృష్టించుకున్నారు. దాన్ని "మీ-మాయింగ్" అనేవారు. మగ్గం ఆగకుండానే మాట సాగింది. కాని ఆ మాట తోటివారితో సాగింది. యజమానితో మాట్లాడే చోట పరిస్థితి వేరు.

ఆ పరిస్థితి ఏమిటో అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ దాపరికం లేకుండా రాసిపెట్టాడు. 1911లో వెలువడిన ఆయన గ్రంథం "శాస్త్రీయ నిర్వహణ"కు మూలపాఠం. 1899లో బెత్లెహామ్ ఉక్కు కర్మాగారంలో 92 పౌన్ల ముడి ఇనుప దిమ్మలను బండ్లకెత్తే కూలీలమీద ఆయన ప్రయోగం చేశాడు. మనిషికి రోజుకు పన్నెండున్నర టన్నులు ఎత్తే పనిని 47 టన్నులకు పెంచానన్నాడు. కూలి 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెరిగింది. అంటే పని దాదాపు నాలుగింతలైతే కూలి అరవై శాతం పెరిగింది. ఆ గ్రంథంలో ష్మిట్ అనే పేరు పెట్టిన కూలీతో తన సంభాషణను టేలర్ నాటకంలాగా రాశాడు. అందులో కూలీకి చెప్పినదాని సారం ఇది: పైన నిలబడినవాడు ఎత్తమంటే ఎత్తాలి, నడవమంటే నడవాలి, కూర్చోమంటే కూర్చోవాలి, మారుమాట మాత్రం ఆడకూడదు. ఈ కథలో కల్పన చాలా వుందని 1974లో పరిశోధకులు చూపారు. ఆ కల్పన కూడా విలువైన సాక్ష్యమే. ఆదర్శ సంభాషణ ఎలా వుండాలని టేలర్ కోరుకున్నాడో దానివల్లనే తెలుస్తుంది.

ఇక్కడ ఒక పొరపాటు చేయకూడదు. టేలర్ విశ్రాంతికి విరోధి కాడు. అంతటి బరువు మోసేవాడు రోజులో 43 శాతం కాలమే బరువు కింద వుండాలనీ, మిగతా 57 శాతం బరువు లేకుండా వుండాలనీ ఆయనే లెక్కగట్టాడు. ఆయన తీసివేసింది విరామాన్ని కాదు, విరామం మీద కార్మికుడికి వున్న అధికారాన్ని. ఎప్పుడు ఆగాలో కార్మికుడి వెన్నెముక చెప్పదు, మేస్త్రీ చేతిలోని గడియారం చెబుతుంది. ఆలోచన అనే పనిని కర్మశాలనుంచి ఎత్తి ప్రణాళికా విభాగం గదిలో పెట్టాలని ఆయన అంతకుముందే 1903లో ప్రతిపాదించాడు. ఆలోచన ఒక గదిలో, చేతులు మరొక గదిలో వుంటే, చేతులున్న చోట మనిషి ఒక్క క్షణం ఆగి ఆలోచించడం నేరమే అవుతుంది. 1911 ఆగస్టులో వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో స్టాప్‌వాచ్ పట్టుకుని వెనక నిలబడినందుకు పోత పనివారు సమ్మె చేశారు. 1915లో అమెరికన్ కాంగ్రెసు సైనిక పద్దుల సొమ్ముతో అటువంటి గడియారపు లెక్కలు తీయడాన్ని నిషేధించింది. గడియారం ముందు కార్మికుడు ఎప్పుడూ ఓడిపోయాడనుకోవడం సరికాదు.

టేలర్ వెనకే వచ్చిన గిల్‌బ్రెత్ దంపతులు పనిని ఇంకా చిన్న ముక్కలుగా కోశారు. వెతకడం, పట్టుకోవడం, పెట్టడం వంటి ఆ ముక్కలకు తమ పేరునే తిరగేసి "థెర్బ్లిగ్" అని పేరు పెట్టారు. ఆ పట్టికలో "ఆలోచించడం" కూడా ఒక ముక్క. దానికి గీసిన గుర్తు నుదుటికి వేలు ఆనించుకున్న మనిషి బొమ్మ. దాని సరసనే "తప్పనిసరి ఆలస్యం", "తప్పించదగిన ఆలస్యం" అని మరి రెండు గుర్తులున్నాయి. నుదుట వేలు పెట్టుకున్న ఆ మనిషి ఎప్పటిదాకా ఆలోచిస్తున్నట్టు, ఎప్పటినుంచి తప్పించదగిన ఆలస్యం చేస్తున్నట్టు? బయటినుంచి చూసే కంటికి ఈ రెండూ ఒకేలా వుంటాయి. తేడా తేల్చేవాడు గడియారం పట్టుకున్నవాడే.

తరువాతి మలుపు మరీ సూక్ష్మమైనది. 1924 నుంచి 1932 దాకా చికాగో దగ్గర హాథార్న్ కర్మాగారంలో జరిగిన పరిశోధనల్లో భాగంగా 20 వేలకు పైగా కార్మికులను ఇంటర్వ్యూ చేశారు. మొదట పరిశోధకులు తమ ప్రశ్నలు తాము వేస్తూ పోయారు. కార్మికులు తప్పించుకుని తమ గోడు చెప్పుకోవడం చూసి పద్ధతి మార్చారు: విను, మాట్లాడకు, వాదించకు, సలహా ఇవ్వకు, అతను చెప్పలేనిదాన్ని కూడా విను. అరగంటలో ముగిసే ఇంటర్వ్యూ గంటకు పైగా సాగడం మొదలైంది. కార్మికుడికి ఎదురుగా ఒక మనిషి ఓపికగా మౌనం వహించడం అదే మొదటిసారేమో! నేటి మేనేజ్‌మెంట్ శిక్షణ తరగతుల్లో "మాట మధ్య ఆగడం నేర్చుకోండి, ఎదుటివారికి ఆలోచించే వ్యవధి ఇవ్వండి" అని చెప్పే పాఠాల మూలాలు చాలావరకు ఇక్కడే వున్నాయి. ఈ పాఠం మంచిది కాదని నేననను. వినడం వినకపోవడం కంటే మేలు. కాని విన్నదంతా ఎవరి ఫైలులోకి పోయింది? గోడు చెప్పుకున్నవాడి గుండె తేలికపడింది. జీతం రేటూ పని వేగమూ నిర్ణయించే గది తలుపు మాత్రం తెరుచుకోలేదు. పైవాడి మౌనం ఇక్కడ గాంభీర్యం నుంచి పనిముట్టుగా మారింది.

మరి కిందివాడికి తనదైన విరామం ఎప్పుడైనా దొరికిందా? దొరికింది; అయితే దాన్ని ఒక్కడూ సంపాదించలేదు. 1918లో మద్రాసులో పుట్టిన మద్రాసు లేబర్ యూనియన్ మనదేశంలో తొలి క్రమబద్ధ కార్మిక సంఘాల్లో ఒకటి. మధ్యాహ్న భోజనానికి ఇచ్చే విరామం చాలడం లేదన్నది ఆ మిల్లు కార్మికుల తొలి ఫిర్యాదుల్లో ఒకటి. అన్నం తినడానికి నిమిషాలు అడిగినవారే తరువాత జవాబు చెప్పడానికి రోజులు అడిగారు. సంఘం తరఫున బేరానికి కూర్చున్న ప్రతినిధి "మా సభ్యులతో మాట్లాడి చెబుతాం, సమావేశాన్ని వాయిదా వేయండి" అనగలడు. ఒక్క కార్మికుడు అదే మాట అంటే పొగరు. సంఘం అంటే అది విధానం. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 1956లో 9-ఎ సెక్షను చేర్చారు. దాని ప్రకారం జీతం, పనిగంటలు వంటి షరతులను మార్చదలచిన యజమాని 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఈ 21 రోజులు ఏమిటి? కార్మికవర్గం పోరాడి చట్టంలో రాయించుకున్న ఆలోచనా వ్యవధి. "మౌనం అర్ధాంగీకారం" అన్న నానుడికి చట్టం పెట్టిన గడువు.

ఐతే చట్టం రెండువైపులా కోసే కత్తి. ఆ చట్టం స్థానంలో 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. లోగడ ప్రజోపయోగ సేవలకే పరిమితమైన 14 రోజుల సమ్మె నోటీసు నిబంధనను ఈ కోడ్ పారిశ్రామిక సంస్థలన్నిటికీ విస్తరించింది. యజమాని తొందరను ఆపడానికి పుట్టిన విరామమే కార్మికుడి ఆగ్రహాన్ని చల్లార్చే విరామంగానూ పనికివస్తుంది. ఇక మా కథ వేరు. ఆ పాత చట్టం అర్థంలో ఉపాధ్యాయులు "వర్క్‌మెన్" కారని 1988లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నా పక్కన కూర్చున్న కాంట్రాక్టు అధ్యాపకురాలికి ఆ 21 రోజుల నీడ కూడా లేదన్నమాట. ఆమెకు దక్కింది ప్రిన్సిపాల్ గారు గడియారం వంక చూసినంత సేపు.

నేటి పనిచోట ఈ చరిత్ర ఆగిపోలేదు. హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఆ చుట్టుపక్కల లేచిన అద్దాల మేడల్లో మన విద్యార్థులు వేలమంది పనికి కుదిరారు. కాల్‌సెంటర్లో పనిచేసిన నా పాత విద్యార్థి ఒకడు చెప్పాడు: "సార్, ఫోనులో మేము మాట్లాడకుండా వున్న సెకన్లను 'డెడ్ ఎయిర్' అంటారు. అది ఎక్కువైతే మార్కులు కోస్తారు. అందుకని ఆలోచిస్తున్నప్పుడు కూడా ఏదో ఒకటి మాట్లాడుతూనే వుంటాం." మనిషి ఆలోచించే క్షణానికి చచ్చిన గాలి అని పేరు పెట్టిన నాగరికత ఇది! "చిత్తం" అన్న నౌకరుకు కనీసం ఆ ఒక్క మాటతో సరిపోయేది. వీడు ఆలోచనను దాచుకోవడానికి నిమిషమంతా మాటలు నింపాలి.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. విరామం ఇష్టపడకపోవడం మనుషుల సహజ స్వభావమనీ, దానికి వర్గాన్ని అంటగట్టడం అతి అనీ కొందరు మిత్రులు అంటారు. పది భాషల సంభాషణలను పోల్చి 2009లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఎడం సగటున సెకనులో ఐదో వంతు మాత్రమే వుంటుందని తేలింది. నిజమే, మాట వెంట మాట రావడం మానవజాతి లక్షణం. కాని మనుషులందరికీ ఆకలి సహజమైనట్టే అన్నం పంపకం సహజం కాదు. ఎడం చిన్నదైనచోట, ఆ ఎడం దాటినందుకు ఎవరికి శిక్ష, ఎవరికి మన్నింపు అన్నది ప్రకృతి నిర్ణయించదు.

దీనికి రుజువు కోసం ఫ్యాక్టరీ దాకా పోనక్కరలేదు, మన తరగతి గది చాలు. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970ల దశకంలో తరగతి గదుల సంభాషణలను రికార్డు చేసి విన్నారు. ప్రశ్న వేసిన ఉపాధ్యాయులు జవాబు కోసం సగటున ఒక్క సెకను ఆగుతున్నారు. దాన్ని 3 సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, జవాబు రాని ప్రశ్నలు తగ్గాయి, పిల్లలే ప్రశ్నలు అడగడం పెరిగింది. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి: తెలివైనవారని ఉపాధ్యాయులు భావించిన పిల్లల కోసం ఎక్కువసేపు, వెనకబడినవారని భావించిన పిల్లల కోసం తక్కువసేపు ఆగారు. ఎవడికి ఆలోచించుకోవడానికి వ్యవధి ఎక్కువ కావాలో వాడికే తక్కువ దక్కింది. లోకంలో కూలి పంపకం ఎలా వుందో కాలం పంపకం కూడా అలాగే వుంది.

ఇది చదివిన మరునాడు నా క్లాసులో నన్ను నేను గమనించుకున్నాను. వెనక బెంచీ కుర్రాణ్ణి ఒక పద్యానికి తాత్పర్యం అడిగాను. వాడు లేచి నిలబడి పెదవి తెరిచేలోగా "సరే కూర్చో" అని నేనే చెప్పేశాను. మా ప్రిన్సిపాల్ గారికీ నాకూ అప్పుడు తేడా ఎంత? ఆయన ఫ్యాను కింద చేసిన పనే నేను నల్లబల్ల ముందు చేశాను.

అంతేకాదు. మన అభ్యుదయ సంఘాల సభల్నీ ఒకసారి నిజాయితీగా చూసుకోవాలి. వేదికమీద తీర్మానం చదువుతారు, "అందరూ ఆమోదిస్తున్నట్టేనా?" అంటారు, చప్పట్లు మోగుతాయి. కొత్తగా చేరిన విద్యార్థికి, మొదటిసారి సభకు వచ్చిన మహిళకు సందేహం నోటిదాకా వచ్చేలోపు తరువాతి వక్త మైకు అందుకుంటాడు. వందమంది చప్పట్లలో మునిగిన ఒక సందేహాన్ని ఏకగ్రీవం అని రాసుకునేవాడికి యజమానిని విమర్శించే నైతిక బలం ఎక్కడిది?

కళాశాల సంగతి చెప్పి ముగిస్తాను. సెలవుల తరువాత మొదటి సమావేశంలో నేను లేచి, పాత తీర్మానాన్ని తిరిగి చర్చించాలనీ, కాంట్రాక్టు అధ్యాపకులు విడిగా కూర్చుని మాట్లాడుకోవడానికి వ్యవధి ఇవ్వాలనీ అడిగాను. మరి ఇద్దరు సీనియర్లు లేచి బలపరిచారు. వారం అడిగితే 3 రోజులు ఇచ్చారు. ఆ 3 రోజుల్లో వారు తమ వారపు పనినంతా ఒక కాగితం మీద లెక్కగట్టి, అందరూ సంతకాలు చేసి తెచ్చారు. 4 పీరియడ్లు 2 అయ్యాయి. జీతం పెరగలేదు. ఇది విజయమని నేను చెప్పను. కాని ఆ కాగితం చదువుతున్నప్పుడు ప్రిన్సిపాల్ గారు చాలాసేపు మాట్లాడలేదు. ఆ మౌనాన్ని అంగీకారంగా ఎవరూ రాసుకోలేదు. జవాబు వచ్చేదాకా అందరం కూర్చునే వున్నాం.

క్లాసులో ఇప్పుడు ప్రశ్న వేసి మనసులో మూడు లెక్కపెడుతున్నాను. ఒకటి, రెండు, మూడు. అనుకున్నదానికంటే అది చాలా పొడవైన కాలం. మొన్న వెనక బెంచీ కుర్రాడు మూడు దాటాక జవాబు చెప్పాడు. జవాబు తప్పు. కాని అది వాడి జవాబు.